నేను చెప్పి కొనిపించిన హెలికాప్టర్

సిడ్నీలో కెల్లీవిల్ అవతల, అప్పటికింకా ఇళ్ళు రాని పచ్చిక బయలు ఒకటి ఉండేది. తొంభై, తొంభై ఒకటి నాటి మాట. ఆదివారం మధ్యాహ్నాలు పదిమంది తెల్లవాళ్ళు అక్కడ రిమోట్ హెలికాప్టర్లు ఎగరేసేవారు. పదకొండోవాణ్ణి నేను. ఏడాదిగా వెళుతున్నా నాతో ముక్తసరిగానే మాట్లాడేవారు. అయినా ఆ చోటు నాది అనుకునేవాణ్ణి. ఆఫీసులోగానీ చర్చిలోగానీ నాకంటూ అలాంటి చోటు లేదు.

మా చర్చికి కొత్తగా వచ్చిన గుంటూరు డాక్టరు ఒకసారి నాతో వస్తానన్నాడు. గంట గడవకముందే అందరూ అతని చుట్టూ చేరారు. అతను తనకేమీ తెలియదని చెప్పి ప్రతిదీ అడిగాడు. నేను ఏడాదిపాటు అన్నీ తెలిసినట్టు నిలబడ్డాను. అక్కడొక పెద్దాయన ఉండేవాడు. ఎవరు కొత్త హెలికాప్టర్ తెచ్చినా మొదటిసారి ఆయనే గాల్లో నిలిపి, సరిచేసి ఇచ్చేవాడు. ఆయన బార్బెక్యూ పొయ్యి మీది సాసేజ్‌ను బ్రెడ్డులో పెట్టి డాక్టరు చేతికిచ్చాడు. నాకెప్పుడూ అలా ఇచ్చింది లేదు. సాయంత్రం ఇద్దరం కారెక్కాం.

"అన్నయ్యా, ఫస్ట్ ఏది కొనమంటారు? మీరు ఏది చెబితే అదే," అన్నాడు డాక్టరు.

హెలికాప్టర్ గురించి మంచి సలహానే ఇచ్చాను. నెమ్మదిగా కదిలేది, రెక్కలు విరిగితే వెంటనే దొరికేది, పడిపోకుండా కింద అడ్డకర్రలు కట్టుకోవడానికి వీలైనది తీసుకోమన్నాను. రిమోట్ దగ్గరికి వచ్చేసరికి బుద్ధి వంకరపోయింది. మా బయల్లో అందరి రిమోట్లకూ పైకి లేపే స్టిక్ కుడిచేతి కింద ఉండేది. అతన్ని ఎడమచేతిది తీసుకోమన్నాను. అదైతే అక్కడ ఎవరూ అతనికి సాయం చేయలేరని తెలిసే చెప్పాను.

మూడు వారాలకు తెచ్చాడు. పెద్దాయన రిమోట్ అందుకుని, స్టిక్‌లు కదిపి చూసి తిరిగిచ్చేశాడు. తన చేతులకు ఇది తారుమారని, తాను పట్టుకుంటే కూల్చేస్తానని చెప్పి, ఇది ఎవరు కొనమన్నారని అడిగాడు. డాక్టరు నా వైపు చూడకుండా, షాపులో తానే ఎంచుకున్నానన్నాడు. నేను వంగి నా హెలికాప్టర్ రెక్కలు తుడవసాగాను.

చేసేది లేక డాక్టరు ఒక్కడే ప్రయత్నించాడు. హెలికాప్టర్ మోకాలి ఎత్తు లేచి, పక్కకు ఒరిగి, రెక్కలు నేలకు కొట్టుకుని ముక్కలైంది. ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే.

రెండు వారాల తర్వాత, చర్చి బయట కార్ల దగ్గర, అతనికి అంతా చెప్పేశాను.

"తెలుసన్నయ్యా. ఆ రోజే మీ రిమోట్ కూడా చూశాను," అన్నాడు. కారు తలుపు తీస్తూ, "నేను రావడం మీకిష్టం లేదని చెప్పుంటే వచ్చేవాణ్ణే కాదుగా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం పెద్దాయనకూ చెప్పాను. ఆయన డాక్టరే కోరి ఎంచుకున్నాడనుకుని ఆ రోజు ఊరుకున్నానని, ఇప్పుడు అతన్ని రిమోట్ తెమ్మనమని, స్టిక్‌లు మార్చడం అరగంట పనేనని చెప్పాడు. ఆ సంగతీ నాకు ముందే తెలుసు.

సాయంత్రం డాక్టరింటికి వెళ్ళాను. రిమోట్ మార్పిస్తానన్నాను, హెలికాప్టర్ నేనే బాగుచేసిస్తానన్నాను. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. రిమోట్ తెలిసినవాళ్ళెవరికో ఇచ్చేశాడట.

"ముక్కలన్నీ మొన్న మంగళవారమే చెత్త బిన్‌లో పోయాయన్నయ్యా," అన్నాడు.