తాత మగ్గం, నా గడప

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే అదేదో గొప్పగా ఉంది. నిజానికి రోజూ దాన్ని దాటుకుంటూ నా ఇంట్లోకి వెళ్తున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

భువనగిరిలో ఇళ్ళ ముందు గోడలకు చెక్కలా కనిపించే అల్యూమినియం పట్టీలు బిగించడం నా పని. ఈ రేకుకు చెదలు పట్టవు, అచ్చం టేకులాగే ఉంటుందని నేనే గొప్పలు పోతాను.

ఒక నేత కుటుంబంలో కొడుకు కొత్త ఇల్లు కట్టి ఆ పని నాకిచ్చాడు. అతని తండ్రికి చూపు దాదాపు పోయింది. మూలపడ్డ తన టేకు మగ్గాన్ని విప్పించి, తలుపు పక్కన మూరెడు జాగాలో మాత్రం రేకు వద్దు, ఈ కర్రే బిగించమని నాకు అప్పగించాడు. సరేనన్నాను. కర్ర చూశాక నా కన్ను కుట్టింది. అప్పుడే నా ఇంటికి గడప కావాలి. అంత పాత టేకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? చిత్రిక పట్టించి నా గుమ్మానికి వేసుకున్నాను. ఆయన అడిగిన మూరెడు జాగాలో కూడా రేకే బిగించాను. కొడుకు సైతం పోల్చుకోలేదు. నా పనితనం అంత గొప్పది మరి!

గృహప్రవేశం ఎండాకాలంలో జరిగింది. ముసలాయన తడుముకుంటూ వచ్చి తలుపు పక్కన రేకు మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసుకున్నాడు.

"బిడ్డా, కర్ర గింత కాలుతదా?"

"పాలిష్ ఏసినం తాతా. అందుకే కాలుతాంది."

"గట్లనా. నువ్వు జెప్పినంక ఇగ ఫికర్ లేదు."

పసుపు తెప్పించి రాశాడు. బొట్టు పెట్టాడు. ఒకప్పుడు నేతకని మగ్గం గుంటలోకి దిగే ముందు మొక్కినట్టే ఆ రేకుకు మొక్కాడు. నేను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. నోరు పెగల్లేదా? అదేం కాదు. పెగిలితే గడప ఊడదీయాలి, అందుకే మూసుకున్నాను.

తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆయన మీద కూడా. వేళ్ళతో తాకి పోగు సన్నమో లావో చెప్పగలిగే మనిషికి రేకుకూ కర్రకూ తేడా తెలియలేదా? తెలిసే, కొడుకు ఇంట్లో శుభకార్యం చెడకూడదని ఊరుకున్నాడా? అదే నిజమైతే నా బతుకెందుకు, తగలబెట్టడానికా?

పోయిన ఏడు ఆయన చనిపోయాడు. చివరిదాకా రోజూ బొట్టు పెట్టాడని కొడుకు నాకు దండం పెట్టి మరీ చెప్పాడు. ఆ దండం కూడా తీసుకున్నాను.

ఇవాళ శుక్రవారం. మా ఆవిడ గడపకు పసుపు రాసి వెళ్ళింది, ఇంకా ఆరలేదు. అది ఆయన మగ్గం. నేను దొంగను.