తవుడుకి కొన్న పాప

ముప్పయ్యేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక కాస్త ప్రశాంతంగా ఉందామనుకున్నాను. భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఉండనివ్వలేదు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా మా తలుపు కొడతారు. చేతిలో ఫోను, ఫోనులో పేర్ల జాబితా. "టీచర్ గారండీ, దీని మీనింగ్ కరెక్టేనా చూసి పెట్టండి" అంటారు. బజారులో కొబ్బరికాయ కొనేటప్పుడైనా చెవి దగ్గర పెట్టి ఊపి చూసే మనుషులు, పిల్ల పేరు దగ్గర మాత్రం ఇంటర్నెట్ ఏది చెబితే దాన్ని నమ్మేస్తారు. అక్కడ ఆడపిల్లల పేర్లన్నిటికీ ఒకటే అర్థం, లక్ష్మీదేవి. మగపిల్లవాడైతే విష్ణుమూర్తి అంశ. నోరు తిరగని ప్రతి పేరూ సంస్కృతమే. పాపం, సంస్కృతానికి ఆ సంగతి తెలియదు.

మూడో అంతస్తు వాళ్ల మనవడిది హస్తా నక్షత్రం. పంతులుగారు 'ణ' అక్షరం ఇచ్చారు. ఆ అక్షరంతో మొదలయ్యే తెలుగు మాట ఒక్కటీ లేదని, పట్టింపు మానేసి నచ్చిన పేరు పెట్టుకోమని మొత్తుకున్నాను. "మీది ఓల్డ్ సిలబస్ అండీ" అన్నాడు పిల్లాడి తండ్రి. రెండు రోజుల్లో ఏదో వెబ్‌సైట్ నుంచి ఒక పేరు పట్టుకొచ్చాడు. జపాన్ భాషలో వెన్నెల అని అర్థమట. జపాన్ వాళ్లెవరూ మా వీధికి రారు కనుక ఆ కుటుంబం నిశ్చింతగానే ఉంది.

ఈ తిక్క ఈ తరంతోనే మొదలైందంటే ఒప్పుకోను. మా చిన్నప్పుడు కంకిపాడు చుట్టుపక్కల రైతులు కొడుకులకి రష్యా నాయకుల పేర్లు పెట్టుకున్నారు. మా పక్కింటి కుర్రాడి పేరుకి ఆ భాషలో ఉక్కుమనిషి అని అర్థం. వాడు బల్లి కనిపిస్తే మంచమెక్కి కేకలు పెట్టేవాడు. వాళ్ల నాన్న ఆ పేరుతోనే పిలిచి చింతబరికెతో వాయించేవాడు. దేశదేశాల వాళ్లు భయపడిన పేరు మా వీధిలో రోజూ దెబ్బలు తినేది.

ఊళ్లో వాళ్లందరినీ ఇలా వెక్కిరించుకుంటూ వచ్చినదాన్ని, నా ఇంటి దాకా వచ్చేసరికి కూడా నోరు కట్టేసుకోలేకపోయాను. అది చెప్పుకోవడానికే ఇదంతా.

మా చెల్లెలు లేదు. పోయి ఆరేళ్లయింది. అందుకని దాని కూతురు పురిటికి మా ఇంటికే వచ్చింది. అంతకుముందు ఆ అమ్మాయికి ఇద్దరు పుట్టారు. ఇద్దరూ వారం దాటలేదు. ఈ మూడో పాప ఎనిమిదో నెలలోనే పుట్టి, నెలకి పైగా ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉండి, రెండు కిలోలకి చేరాక ఇంటికొచ్చింది. అల్లుడు హైదరాబాద్ నుంచి శనాదివారాలు వచ్చి వెళ్లేవాడు. మిగతా రోజులు నేను, అమ్మాయి, ఎనభయ్యారేళ్ల మా అమ్మ వంతులేసుకుని పాప ఊపిరి చూస్తూ కూర్చునేవాళ్లం. పాప నిలుస్తుందా అని ఎవరం పైకి అనలేదు. ఇంట్లో వేరే ఆలోచన మాత్రం లేదు. గురువారం బారసాల పెట్టుకున్నాం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, అమ్మాయి పేర్ల కోసం ఎక్సెల్ షీట్ తయారుచేసింది. పేరు, భాష, అర్థం, అన్నిటికీ వేరువేరు గడులు. ప్రింట్ తీసి నా ముందు పెట్టి, "పెద్దమ్మా, అర్థాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడవా?" అంది. జోయి, గ్రీకు. ఆయేషా, అరబ్బీ. హవ్వా, హీబ్రూ. వీటా, లాటిన్. అడుగున మనవి రెండు, ఆయుషి, జీవిక.

నేను రిటైరయ్యాను గాని నా ఎర్ర పెన్ను రిటైరవలేదు. జోయి పక్కన 'ఉగ్గు పెట్టేటప్పుడు కూడా గ్రీకులోనే బుజ్జగిస్తావా?' అని రాశాను. హవ్వా పక్కన 'మన పంతులుగారు ఈ పేరుతో సంకల్పం చెబుతుంటే వినాలని ఉంది' అని రాశాను. జీవిక దగ్గర సంతోషం పట్టలేకపోయాను, ఎందుకంటే అక్కడ నిజంగానే తప్పు దొరికింది. 'జీవిక అంటే బతుకుతెరువు. పాపని ఇప్పుడే ఉద్యోగానికి పంపుతున్నావా?' అని రాసి, కింద గీత గీసి, పదికి మూడు మార్కులు వేసి ఇచ్చాను.

అమ్మాయి కోప్పడలేదు. అంతా చదువుకుని, "అర్థాల గడి పైనుంచి కిందకి చదివావా పెద్దమ్మా?" అంది.

నేను ఒక్కొక్కటే చదివాను, తప్పుల కోసం. ఇప్పుడు కాగితం మళ్లీ తీసుకుని వరసగా చదివాను. ప్రాణం. బతికున్నది. ప్రాణమిచ్చేది. బతుకు. నిండు ఆయుష్షు కలది. బతికించేది. ఎన్ని దేశాలు తిరిగినా అమ్మాయి వెతుక్కున్నది ఒక్కటే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాగితం నా చేతిలోంచి తనే మెల్లగా తీసుకుంది.

మంచం మీద నుంచి అమ్మ అంతా వింటోంది. "పేర్లతో ఏమవుద్దే?" అంది. "నన్ను నిలబెట్టుకోలా మావాళ్లు? నాకు చేసినట్టే చెయ్యండి."

అమ్మ పేరు ఇక్కడ రాయను. 'పెంట'తో మొదలవుతుందని చెబితే చాలు. ఉయ్యూరు దగ్గర పల్లెటూళ్లో ఆవిడకి ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగో కాన్పులో ఆవిడ పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారట. కన్నతల్లి ఈ పిల్ల నాది కాదందట. పొరుగావిడ ఎత్తుకుంటే, గుప్పెడు తవుడిచ్చి ఆవిడ దగ్గర కొనుక్కున్నారట. తల్లే వద్దన్న పిల్లని యముడు మాత్రం ఏం చేసుకుంటాడని వాళ్ల నమ్మకం. పేరు కూడా ఆ కుప్పదే పెట్టారు. నాకు ఆ పేరంటే నామోషీగా ఉండేది. కాలేజీ అప్లికేషన్‌లో తల్లి పేరు దగ్గర ఎవరో దేవత పేరు రాసిన ఘనురాలిని నేను.

ఎక్సెల్ షీట్లు వేసే మనిషి ఇది విని నవ్వుతుందనుకున్నాను. "ఎప్పుడు చెయ్యాలి అమ్మమ్మా?" అంది.

భవానీపురంలో పెంటకుప్పని ఎక్కడి నుంచి తేవడం? మా సెల్లార్లో ఉన్నవి రెండు డబ్బాలు, తడి చెత్తకి పచ్చది, పొడి చెత్తకి నీలంది. బుధవారం పొద్దున్నే, చెత్తబండి రాకముందే, పాపని తీసుకుని ముగ్గురం లిఫ్టులో దిగాం. దిగగానే పేచీ మొదలైంది.

"పొడిది బెటర్ అమ్మమ్మా. తడి దాంట్లో బ్యాక్టీరియా ఉంటది."

"పెంటంటే కుళ్లాలే! అట్టపెట్టెలూ నీళ్ల సీసాలూ పెంటేంటి?" అంది అమ్మ.

శాస్త్రం ఏమంటుందని ఇద్దరూ నా వైపు చూశారు. ఎరువుకి వెళ్లేది తడి చెత్తే కనుక పచ్చ డబ్బాయే చెల్లుతుందని తీర్పిచ్చాను. అమ్మాయి ఆ మూత మీద మూడుసార్లు శానిటైజర్ కొట్టి, తుడిచి, ఉతికిన తువ్వాలు పరిచింది. ఇంత మర్యాద చూస్తే యముడు ఎవరో గొప్పింటి పిల్ల అనుకుంటాడని నేను గొణిగాను. ఎవరూ వినిపించుకోలేదు. తవుడు కూడా ఊళ్లో దొరకలేదు. ఒళ్లు తగ్గించుకునే వాళ్లు సూపర్‌మార్కెట్లో కొనే ఓట్స్ తవుడు ప్యాకెట్ తెచ్చుకున్నాం.

పాపని మూత మీద పడుకోబెట్టి, తల్లి నాలుగడుగులు వెనక్కి వెళ్లింది. దారిన పోయేదానిలా నేను వచ్చి ఎత్తుకున్నాను. తువ్వాలు బరువే ఎక్కువనిపించింది. "ఎవరి పిల్లండీ ఇది?" అని అమ్మ నేర్పినట్టే అడిగాను. అడిగేటప్పుడు నవ్వొస్తుందేమోనని ముందు నుంచీ భయపడ్డాను.

అమ్మాయి నోరు తెరిచింది. చేతులు వాటంతటవే ముందుకొస్తుంటే వెనక్కి లాక్కుంటోంది.

"అనమ్మా. నాది కాదని గట్టిగా అను. అంటేనే ఉంటది" అంది అమ్మ.

"ఎవరి పిల్లండీ ఇది?" మళ్లీ అడిగాను.

"నాది..." అని ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. మూడోసారి అడగాలని నాకే అనిపించలేదు. అయినా అడిగాను.

"నాది కాదు" అంది. "నాది కాదు, నాకొద్దు, ఎవరన్నా తీసుకుపోండి!" అని సెల్లారంతా వినబడేలా అరిచింది. ప్యాకెట్ చింపి తవుడంతా నా కొంగులో పోసి, పాపని లాక్కున్నంత పని చేసి గుండెలకి హత్తుకుంది.

లిఫ్టు ఎక్కాం. మా అంతస్తు వస్తుండగా అమ్మాయి నా వైపు తిరిగి, "ఇంక ఉంటది కదా పెద్దమ్మా?" అంది.

నాకేం తెలుసు? ఆసుపత్రిలో అంతమంది డాక్టర్లే చెప్పలేకపోయారు. "ఉంటుంది" అన్నాను, తెలిసినదానిలాగే.