డెస్ కీహో పన్నెండు నిమిషాలు

అడవి మంట సాయంత్రానికి ఎటు పాకుతుందో మధ్యాహ్నమే కంప్యూటర్లలో మండించి చూసే షెడ్డు ఒకటి బల్లరాట్ ఊళ్ళో ఉంది. అందులో తీగలు నావి, మాటలు దాన్ని నడిపే డెస్ కీహోవి.

పని ఆగిందంటే చేతులు చాలలేదనే డెస్ నమ్మకం. ఇంటి కంచె ఒరిగితే వీధి మొత్తాన్నీ పిలిచేవాడు. బీరు అయిపోయేది, కంచె లేచేది కాదు.

మొదట మాకు నాలుగు యంత్రాలు. అడవిని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే రెండు గంటల్లో జవాబు చెప్పేవి. నలభై ఉంటే పన్నెండు నిమిషాలు చాలని డెస్ లెక్కకట్టి, స్థానిక పత్రికలో వేయించుకున్నాడు. నలభై వచ్చాయి. మూడు గంటలు పట్టింది.

నిప్పురవ్వ హద్దు దాటిందో లేదో పక్క యంత్రం చెప్పేదాకా ఏ యంత్రమూ ముందుకు కదలదు. ముక్కలు పెరిగేకొద్దీ హద్దులు పెరిగి, పని కంటే కబుర్లు ఎక్కువయ్యాయి. డెస్ ఇంకో నలభై కావాలన్నాడు. అగ్నిమాపక శాఖ నుంచి లోర్నా ట్రెసైజ్ వచ్చి, ఈసారి మంట రోజున గాలి దిశ మళ్ళేలోపు జవాబు రాకపోతే షెడ్డు మూసేస్తామని చెప్పి వెళ్ళింది.

ఆ ఆదివారం డెస్ ఇంట్లో బార్బెక్యూ. ఒక్క పొయ్యి చుట్టూ ఆరుగురం, తలా ఒక పటకారు. పక్కవాడు తిప్పితే తప్ప ఎవరమూ సాసేజ్ తిప్పం. పొగ లేచింది. డెస్ ఇంకో ఇద్దరిని కేకేయబోతే భార్య మౌరీన్ అడ్డుపడింది.

"ఇంకా ఎవర్నయ్యా పిలిచేది? పక్కింటి పొయ్యి కూడా తెచ్చి వెలిగించండి. సగంమంది అక్కడ తగలడండి."

రెండు పొయ్యిల మీదా సాసేజ్‌లు చక్కగా కాలాయి. ఈ పొయ్యికి ఆ పొయ్యితో పనే లేదు. డెస్ తినడం ఆపి నావైపు తిరిగాడు.

"ఒరే, రేపు తీగలన్నీ విప్పెయ్."

నాలుగేసి యంత్రాలు కలిపి పది జట్లు కట్టాను. ప్రతి జట్టుకూ అడవి మొత్తం ఇచ్చి, గాలి మళ్ళే వేళ మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఊహించి ఇచ్చాను. తర్వాతి మంట రోజున రెండు గంటల్లో పది జవాబులొచ్చాయి. గాలి అనుకున్నదానికంటే గంట ముందే మళ్ళింది. ఆ వేళకు జవాబూ ఆ పదిలో ఉంది. అగ్నిమాపక బండ్లు మంట రాబోయే చోటికి ముందే చేరాయి.

"పన్నెండు నిమిషాలన్నావు?" అంది లోర్నా.

"రెండు గంటలకి పది జవాబులు. ఒక్కోదానికి ఎంత పడిందో నువ్వే చెప్పు."

లోర్నా నవ్వలేదు, షెడ్డూ మూయలేదు. డెస్ మాట నిలబెట్టుకున్నాడని పత్రిక రాసింది. మౌరీన్ దాన్ని పొయ్యి రాజేయడానికి దాచింది.