దూకడానికి మూడో అంతస్తు

లిఫ్టు బావకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లోకంలో ఏ మీటా ఉండాల్సిన చోట లేదని ఆయన గట్టి నమ్మకం. ముప్ఫై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి మరి. పెళ్లయిన కొత్తలో మామగారు కుశలం అడిగితే, "ఆ ఫ్యాను స్విచ్చి నాలుగంగుళాలు పైకుందండీ" అన్నాడు. మర్నాడు మామగారు లేచేసరికి స్విచ్చి కిందికి దిగింది. గోడకి బొక్క మిగిలింది.

ఓసారి బ్యాంకు వాళ్ల డబ్బుల మిషను దగ్గర టేపు పెట్టి కొలుస్తుంటే కాపలావాడు పోలీసుల్ని పిలిచాడు. వచ్చిన ఎస్సైగారికి ఆయన టార్చి మీట బొటనవేలికి అందడం లేదని నిరూపించి పంపేశాడు బావ.

అలాంటివాడు అత్తగారింటి పాత చెక్క బీరువాని వీడియో గేము పెట్టెగా మారుస్తానంటే, కళ్లజోళ్ల దుకాణం నడిపే బావమరిది తన పాత గేమ్‌ప్యాడ్లు రెండూ ఇచ్చాడు, ఒక షరతు మీద. ఆదివారం ఇంటిల్లిపాదీ చూస్తుండగా మొదటి ఆట తనే ఆడాలి. ఎదురెదురుగా నిలబడి కాల్చుకునే ఆ ఆటలో ఇరవయ్యేళ్లుగా ఓటమి ఎరగడు. ఆ పేరు నిలబడాలి.

"జాగ్రత్త బావా. ఆ మీటలు నా చేతిలోనే అరిగాయి."

"మీటలెవడిక్కావాలోయ్? లోపలి బోర్డు చాలు."

ప్యాడ్లు విప్పి, బోర్డు మీద ఒక్కో మీట కిందున్న చుక్కకి సన్నటి తీగ టంకం పెట్టాడు. రెండో కొసలు తీసుకెళ్లి, తుక్కుకి పోయిన లిఫ్టు నుంచి పీకిన అప్పచ్చుల్లాంటి మీటలకి కలిపాడు.

"ఇదేంటి బావా, దూకాలంటే మూడో అంతస్తు నొక్కాలా?"

"కాల్చడానికి ఐదు. కూర్చోడానికి గ్రౌండ్ ఫ్లోరు. చిన్నపిల్లాడిక్కూడా తెలుస్తుంది."

"మరి తలుపు తెరిచే మీట?"

"అది నొక్కితే ఆట ఆగుతుంది. మధ్యలో దిగిపోయేవాళ్లుంటారుగా."

సోమవారం ఛాతీ ఎత్తున ఉన్న మీటలు బుధవారానికి నడుం దగ్గరికి, శుక్రవారానికి ఇంకా కిందికి దిగాయి. స్ప్రింగులూ మారాయి. ఊదితే నొక్కుకునేంత మెత్తబడ్డాయి.

"అక్కా, మీ ఆయన నన్ను ఓడించాలనే చేస్తున్నాడు! వంగి వంగి నా నడుం పోతోంది."

"పెళ్లయినప్పటి నుంచీ నేను రోజూ స్విచ్చి వెతుక్కుంటూనే ఉన్నాన్రా. నీకు వారమేగా, ఓర్చుకో."

ఆదివారం బీరువా వెలిగింది. బావమరిది చొక్కా చేతులు మడిచాడు. బావ మాత్రం పెట్టె ముందు ఒక కుర్చీ వేసి, "అత్తయ్యగారూ, మీరు రండి" అన్నాడు.

అమ్మ కూర్చుంది. మోచేతులు పలక మీద కుదురుగా ఆనాయి. కీళ్లవాతంతో ఆరేళ్లుగా వంకర్లు తిరిగిన వేళ్లు పెద్ద మీటల మీద హాయిగా పరుచుకున్నాయి. బావమరిది నోరు తెరిచాడు. తన వెనక నిలబడి "నాకోసారి ఇవ్వరా" అని అమ్మ అడిగినప్పుడల్లా, "ఆ చిన్న మీటలు నీ వేళ్లకి పట్టవులేమ్మా" అన్నవాడు తనే. మూల కూర్చుని పేపరు చదువుకునే బావ విన్నాడని ఎవరనుకుంటారు?

అమ్మతో మొదటి ఆట బావమరిదే గెలిచాడు. రెండోది చచ్చీచెడీ గెలిచాడు. మూడోదానికి అమ్మ "ఐదు... ఐదు... మూడు... ఐదు" అని గొణుక్కుంటూ అతని మనిషిని పేల్చి పారేసింది.

"ఓడిపోయావురా!" అని అమ్మ పెట్టిన కేకకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"బావా, నీకు పుణ్యముంటుంది. నావైపు మీటలు కాస్త పైకి జరపవూ?"

బావ వంగి చూశాడు. టేపు తీయలేదు.

"సరిగ్గానే ఉన్నాయోయ్" అన్నాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"మాటలు తర్వాత, ముందు ఆడరా" అంది అమ్మ, ఐదో అంతస్తు మీద వేలు పెట్టుకుని.