ఓనరమ్మ నీళ్ల వైద్యం

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు ఊసే లేని తొంభైల మొదట్లో, గగన్‌పహాడ్‌లో మా ఇంటి ఓనరమ్మ తలనొప్పికైనా దుఃఖానికైనా నీళ్లే మందనేది. ఆమె వైద్యానికి హిమాయత్‌సాగర్ సగం ఖాళీ అయిందని నేనంటే వాడకట్టులో ఎవరూ కాదనలేదు.

ఆమె భర్తది ఇనుము కరిగించే కొలిమి దగ్గర పని. బీపీ అని ఆమె అతని కూరల్లో ఉప్పు మాన్పించింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అతను తల పట్టుకొని వచ్చాడు. చెంబు మీద చెంబు తాగించింది. కక్కాడు.

"వేడి దిగుతున్నది, ఇంక తాగు," అని మళ్లీ పోసింది.

సాయంత్రానికి ఆమెనే "ఎవరక్కా నువ్వు?" అని అడిగి, ఫిట్స్‌తో పడిపోయాడు.

ఆమే నేనూ కలిసి ఆటోలో తీసుకుపోయాం. దవాఖానలో ప్రాణం పోయాక డాక్టరు, "ఉప్పు చెమటలో పోయింది. ఉత్త నీళ్లు అన్ని తాగేసరికి రక్తంలో ఉన్నదీ పలచబడి మెదడు వాచిందమ్మా," అన్నాడు.

ఆమె నావైపు తిరిగింది.

"చూసినవా తమ్మీ, ఈడికి తెచ్చి చంపుకున్న. ఇంట్లనే ఇంకో రెండు చెంబులు తాపితే బతుకుతుండె."