నెట్టు లేని బడికి ప్యాకేజీ

రాసుకో బిడ్డా. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సుల నా పక్కన ఒక పిల్ల కూసుంది, ఒళ్లె ల్యాప్‌టాప్. పాల్వంచ దాటి అడవిల పడంగనే సిగ్నల్ పోయింది. అందరు తిట్టుకుంటుంటే గీ పిల్ల నవ్వింది.

"ఏందమ్మా, నీకేం సంబురం?" అన్న.

"అవ్వా, ఎవరెవరో రాసిన పైథాన్ లైబ్రరీలను, అంటే కంప్యూటర్‌కు పని చెప్పే రాతలను, లినక్స్ కంప్యూటర్లల్ల ఎక్కేటట్టు ప్యాకేజీ కడ్త నేను. రేపు అడవిల బడి కంప్యూటర్లకు గీ ప్యాకేజీ పెట్టాలె. ఆడ నెట్టు లేదు. నెట్టు లేకుండ ఎక్కుతదో లేదో ఇప్పుడే చూస్త."

ఎక్కలె. లోపల ఇంకో లైబ్రరీ తక్కువ పడ్డదట. అది నెట్టుల నుంచి తెచ్చి, కొత్తగూడెంల ఇంటి కాడి పెద్ద కంప్యూటర్ల ప్యాకేజీ మళ్ల కట్టాలెనట.

"మిగిలినయి మంచిగున్నయి గద, పోనియ్ తియ్," అన్న.

"పిల్లల ముంగట ఆగిపోతే కంప్యూటర్‌ది తప్పనుకోరవ్వా. మాకే రాదనుకుంటరు."

గంతే, లేచి బస్సు ఆపిచ్చింది.

"భద్రాచలం టికెట్ తీసుకోని గీ అడవిల దిగుడేందమ్మా?" అని కండక్టర్ మొత్తుకున్నడు.

"ఒకటి మర్చిపోయిన అన్నా, పోయి తేవాలె."

గసువంటి పిల్లను నేను మళ్ల చూడలె బిడ్డా. బయట చినుకులు పడుతున్నయి. చున్నీ నెత్తి మీద కప్పుకోలె, ల్యాప్‌టాప్‌కు చుట్టింది. రోడ్డు దాటి, కొత్తగూడెం పోయే బస్సుకు చెయ్యెత్తింది.