ఫ్రాన్సిస్ మాస్టారు వేసిన హాజరు

మా జగ్గయ్యపేట ఎయిడెడ్ బడి హెడ్మాస్టరు ఫ్రాన్సిస్ గారికి ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. పుట్టినతేదీ దిద్దమని వచ్చేవాళ్లను చూసీ చూసీ, నిజంగా సర్టిఫికెట్ కావాల్సినవాళ్లను కూడా దొంగలను చూసినట్టే చూసేవారు. అదే బడిలో టీచరునైన నా సెలవు చీటీని సైతం వెలుతురుకు పెట్టి పరీక్షించేవారు. నాకు ఒళ్లు మండేది.

2013 మార్చిలో ముక్త్యాల నుంచి ఆరోగ్యమ్మ ఒక ఉత్తరం పట్టుకొచ్చింది. ఆమె అక్క కూతురు మహిమ మా దగ్గర మూడో తరగతి చదువుతూ, 2006 డిసెంబరులో అమ్మానాన్నలతో అమెరికా వెళ్లింది. వీసా గడువు అయిపోయినా అక్కడే ఉండిపోయారు. వెళ్లిన తేదీ ముద్ర ఉన్న పాస్‌పోర్టులు కూడా పోగొట్టుకున్నారు. ఇప్పుడు పదిహేనేళ్ల మహిమను వెనక్కి పంపకుండా ఉండేందుకు అక్కడి బడివాళ్లే దరఖాస్తు పెట్టిస్తున్నారు. అక్కడి నియమం ప్రకారం 2007 జూన్ పదిహేనుకు ముందే పిల్ల ఆ దేశం చేరినట్టు చూపాలి. అమెరికా బడి రికార్డు ఆ ఏడు ఆగస్టు నుంచే ఉంది. అందుకని మా బడి ఎప్పుడు మానేసిందో రాసిచ్చి, హాజరుపట్టీ నకలు కూడా పంపమని అడిగారు.

"ఎవరు రాయించారమ్మా దీన్ని? నందిగామ వీసా కన్సల్టెన్సీ వాళ్లా?" అన్నారు మాస్టారు.

"కన్సల్టెన్సీ ఏంటండి, ఆ పిల్ల టీచరమ్మే పంపిందండి. మీరు రాయకపోతే పిల్లని పంపించేస్తారంటండి."

"రిజిస్టర్లో ఏదుంటే అదే రాస్తా. అక్షరం మార్చను."

బీరువా తీసి పాత హాజరుపట్టీలు ముందేసుకున్నారు. నాలుగో తరగతి పట్టీ దగ్గర ఆగిపోయారు. నేను వంగి చూశాను. 2007 జూన్, జూలైలో మహిమ రోజూ బడికి వచ్చినట్టే ఉంది. చేతిరాత ఆయనదే.

అప్పుడాయన ఆ తరగతి టీచరు. పిల్లలు తగ్గితే పోస్టు ఎత్తేస్తారని, వెళ్లిపోయినవాళ్ల పేర్లు కొట్టేయకుండా హాజరు వేసేవాళ్లం. నేనూ వేశాను. ఆ పేజీ వెళ్తే మహిమ పని అయిపోయినట్టే.

"నకలు పంపకండి మాస్టారూ. డిసెంబర్లో మానేసిందని ఒక్క ముక్క రాసిచ్చేయండి," అన్నాను మెల్లగా.

"నకలు లేకపోతే నమ్ముతారా? నేనైతే నమ్మను."

"నిజం రాస్తే మీ ఉద్యోగం పోద్దండి."

"ఆ పిల్లని ఇక్కడ ఆపేసింది నేనయ్యా," అన్నారు.

బడి పేరున్న కాగితం తీసి రాశారు: "2006 డిసెంబరు తర్వాత మహిమ మా బడికి రాలేదు. ఆ తర్వాత పట్టీలో ఉన్నది నేను వేసిన దొంగ హాజరు." సంతకం చేసి ముద్ర కొట్టారు. కింద సాక్షి అని రాసి, కాగితం నావైపు తోశారు.

నేను దొంగ హాజరు వేసిన పట్టీలూ ఆ బీరువాలోనే ఉన్నాయి. అయినా కలం తీసి సంతకం పెట్టాను.